తెలుగు గట్టిగా చదివి వినిపించడం మీకు బాగా వచ్చా? బెంగళూరులో ఆ నేర్పుని పనిలో ఎలా పెట్టాలి

పెళ్ళికార్డు వస్తే ఇంట్లో అందరూ మీ చేతికే ఇస్తారా? ఊరి నుంచి వచ్చిన నాన్నగారు కళ్ళజోడు పక్కన పెట్టి "నువ్వు చదువు, నేను వింటా" అంటారా? పిల్లలు కథ కోసం మిగతావాళ్ళని వదిలేసి మీ దగ్గరికే వస్తారా? అయితే మీ దగ్గర ఒక విద్య ఉంది. కష్టపడకుండా వచ్చేసింది కాబట్టి దాన్ని మీరు విద్యల్లో లెక్కవేసి ఉండరు. పాడేవాళ్ళని అందరూ గుర్తిస్తారు, బొమ్మలు వేసేవాళ్ళకి చిన్నప్పుడే బహుమతులు వస్తాయి. తడుముకోకుండా, వినేవాళ్ళకి అర్థమయ్యేలా పేజీ చదివే మనిషిని మాత్రం ఎవరూ ప్రత్యేకంగా చూడరు.

బెంగళూరులో ఈ విద్యకి నిజంగా అవసరం ఉంది. తరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబాల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ బడిలో చదివింది కన్నడం. రెండు లిపులూ దగ్గరివే అయినా తెలుగు పేజీ చేతికిస్తే నెమ్మదిగా కూడబలుక్కుంటారు. మారతహళ్ళి, బెల్లందూరు, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్లలో పెరిగే పిల్లలు తెలుగులో గలగలా మాట్లాడతారు, ఒక్క అక్షరం చదవలేరు. మనవల్ని చూసుకోవడానికి అనంతపురం, కడప, ఒంగోలు వైపు నుంచి వచ్చిన పెద్దవాళ్ళకి చదవడం వచ్చు, కళ్ళు సహకరించవు. వీళ్ళందరికీ కావలసింది తెలుగు చదివి వినిపించే ఒక మనిషి.

మీకున్న నేర్పు ఇది కాకపోవచ్చు. చీర కుచ్చిళ్ళు చక్కగా పెట్టడమో, తెలియనివాళ్ళకి దారి స్పష్టంగా చెప్పడమో, బ్యాంకు ఫారాలు నింపిపెట్టడమో అయి ఉండొచ్చు. గుర్తించడం, పరీక్షించడం, ఒక్క మనిషితో మొదలుపెట్టడం అనే క్రమం అన్నిటికీ ఒకటే. చదవడం గురించి నాకు బాగా తెలుసు కాబట్టి దాన్ని పట్టుకునే చెబుతాను.

మొదట: నిజంగా ఉందో లేదో చూసుకోండి

కొన్నాళ్ళపాటు ఒక చిన్న నోటుబుక్కు దగ్గర పెట్టుకుని, ఎవరు మిమ్మల్ని ఏం చదవమన్నారో రాయండి. మెచ్చుకోళ్ళు రాయొద్దు, అవి మర్యాద కోసం కూడా వస్తాయి. అడిగినవాళ్ళనే రాయండి. ముఖ్యంగా ఒకసారి విన్నాక మళ్ళీ వచ్చి అడిగినవాళ్ళని. ఇంకొకరు చదువుతుంటే ఆపి "ఉండు, అక్క చదువుతుంది" అన్నారంటే ఆ మాట పక్కన గీత గీసి పెట్టుకోవచ్చు.

తర్వాత ఒక పరీక్ష పెట్టుకోండి. ఇంతకుముందు చూడని పేజీ ఒకటి తీసుకోండి. పేపర్లో సంపాదకీయం దీనికి బాగుంటుంది, ఎందుకంటే వాక్యాలు పొడుగ్గా ఉంటాయి. ఒక పది నిమిషాలు ఫోన్లో రికార్డ్ చేసి పక్కన పెట్టేయండి. మర్నాడు పేజీ ఎదురుగా లేకుండా వినండి. చాలామందికి తమ గొంతు తమకే కొత్తగా, పలచగా వినిపిస్తుంది. మనం మాట్లాడేటప్పుడు మన గొంతు పుర్రె ఎముకల గుండా కూడా చెవికి చేరుతుంది, రికార్డింగులో ఆ భాగం ఉండదు. తేడా అదే. గొంతు అందం గురించి టెన్షన్ పడకుండా అర్థం అందుతోందా అన్నదే వినండి.

వినాల్సిన చోటు వాక్యం చివర. తెలుగులో క్రియ చివర వస్తుంది, కాదనడమూ లేదనడమూ కూడా చివరే వస్తాయి. "ప్రభుత్వం ఈ పథకాన్ని వచ్చే ఏడాది నుంచి కొనసాగించే ఆలోచనలో లేదు" అనే వాక్యంలో ఆ ఆఖరి "లేదు" మింగేస్తే విన్న మనిషి సరిగ్గా వ్యతిరేకం అర్థం చేసుకుంటాడు. ఊపిరి అయిపోయి వాక్యం చివర గొంతు పడిపోవడం తెలుగు చదివేవాళ్ళలో నేను ఎక్కువగా చూసే లోపం. మీకు అది లేకపోతే మీ నేర్పు గట్టిదే. ఉంటే దిద్దుకోవచ్చు, కింద చెబుతాను.

ఇంకొక పరీక్షకి మరో మనిషి కావాలి. ఒక పేజీ చదివి వినిపించి, "ఇందులో ఏముందో నీ మాటల్లో చెప్పు" అనండి. బాగుందా అని అడగొద్దు, బాగుందనే అంటారు. విషయం తిరిగి చెప్పగలిగారా, మధ్యలో "ఎవరు? ఎవర్ని?" అని ఎన్నిసార్లు అడిగారు అన్నదే చూసుకోండి.

రెండోది: ఎవరికి చదువుతారో తేల్చుకోండి

అందరికీ ఒకేలా చదవలేం. పిల్లల్ని నవ్వించే గొంతు పెద్దాయనకి విసుగు పుట్టించవచ్చు. మూడు రకాల శ్రోతలు ఈ ఊళ్ళో మీకు దగ్గర్లోనే ఉంటారు. ముందు ఒక రకాన్ని ఎంచుకోండి.

పెద్దవాళ్ళు. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు సాధారణంగా సన్నటి, హెచ్చు స్వరాలు ముందు పోతాయి. అందుకే స, శ, చ లాంటి హల్లులు వాళ్ళకి కలిసిపోయినట్టు వినిపిస్తాయి. అరవడం వల్ల లాభం లేదు. గొంతు కాస్త కిందికి దించి, నిదానంగా, ఎదురుగా కూర్చుని పెదవులు కనబడేలా చదవండి. ఏ చెవి బాగా వినిపిస్తుందో అడిగి, ఆ వైపుకి జరగండి. ఏం చదవాలో మీరు నిర్ణయించకండి. చాలామందికి కావలసింది పెద్ద వార్తలు కాదు, వాళ్ళ జిల్లా పేజీ. తెలుగు పేపర్ల ఈ-పేపర్లలో జిల్లా ఎడిషన్లు దొరుకుతాయి. బెంగళూరులో కూర్చుని ఆదోని మార్కెట్లో వేరుశనగ ధర, పక్క ఊరిలో జాతర, పోయినవాళ్ళ ఫోటోలు చదివించుకుంటారు. "ఆ ఇంటిపేరు మళ్ళీ చదువు నాయనా" అంటే మళ్ళీ చదవాలి, ఎన్నిసార్లయినా. అక్కడ ఆగిపోయి ఆయన ఆ ఇంటివాళ్ళ కథ చెప్పడం మొదలుపెడితే పేపర్ మూసి వినండి. ఆ రోజుకి చదువు అయినట్టే.

పిల్లలు. అపార్ట్‌మెంటు క్లబ్‌హౌస్‌లో వారానికోసారి, అరగంటలోపు. పుస్తకాలకి డబ్బు పెట్టనక్కర్లేదు. బెంగళూరు సంస్థే అయిన ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైట్‌లో తెలుగు బొమ్మల కథలు చాలా ఉన్నాయి, స్థాయిలవారీగా, ఉచితంగా. ఫోన్లో కాకుండా టీవీకి పెట్టి, అక్షరాల మీద వేలు పెట్టి చదవండి. ప్రతి వాక్యాన్నీ ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పొద్దు. బొమ్మ ఉంది కదా, తెలియని మాట అదే చెబుతుంది. అలా మార్చి చెబితే పిల్లలు తెలుగు వినడం మానేసి ఇంగ్లిష్ కోసం ఎదురుచూస్తారు.

మూడోవాళ్ళు చూపు లేనివాళ్ళు, చూపు మందగించినవాళ్ళు. ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగాలి, ఎందుకంటే మంచి మనసుతో వచ్చి పనికిరాకుండా వెనుదిరిగేది ఎక్కువగా ఇక్కడే.

ఫోన్లూ కంప్యూటర్లూ ఇప్పుడు తెలుగు చదివేస్తాయి. తెర మీది అక్షరాల్ని చదివి వినిపించే ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ తెలుగు కూడా చదువుతుంది. అలవాటైనవాళ్ళు మనకి ఒక్క ముక్క అర్థం కానంత వేగంగా పెట్టుకుని వింటారు. కాబట్టి "మీకు పుస్తకాలు చదివి పెడతాను" అని వెళ్ళేముందు, యంత్రం చేయలేని పని ఏమిటో వాళ్ళనే అడగండి. జవాబులు దాదాపు ఇవే వస్తాయి: సరిగ్గా స్కాన్ కాని పాత పుస్తకం, చేతిరాత నోట్సు, పద్యాలు, పట్టికలు, బొమ్మలు, పటాలు. వీటిని చదవడమంటే సగం వర్ణించడం. ఉదాహరణకి పట్టిక అయితే ముందు "నాలుగు నిలువు వరుసలు, ఆరు అడ్డవరుసలు" అని చెప్పి, శీర్షికలు చదివి, తర్వాత అంకెల్లోకి వెళ్ళాలి. నాటకీయత అక్కర్లేదు. పరీక్షకి చదువుకునే కుర్రాడికి కావలసింది స్పష్టత.

హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఇందుకు దారి చూపే సంస్థలున్నాయి. 1990లో మొదలైన మిత్రజ్యోతికి మాట్లాడే పుస్తకాల గ్రంథాలయం ఉంది. 1997లో మొదలైన సమర్థనం కూడా అక్కడే ఉంది. ముందు ఫోన్ చేసి ఏ భాషలో, ఏ పనికి మనిషి కావాలో అడగండి. ఆ వారం వాళ్ళకి తెలుగు కాకుండా ఇంగ్లిషో కన్నడమో చదివేవాళ్ళు కావాల్సి రావొచ్చు. అది చదవగలిగితే అదే చేయండి.

పరీక్షల్లో స్క్రైబ్‌గా, అంటే తాను రాయలేని అభ్యర్థి చెప్పే జవాబులు రాసిపెట్టే మనిషిగా, కూర్చోవడం కూడా ఈ విద్యతో చేసే పనే. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి, చెప్పింది చెప్పినట్టు రాయాలి. జవాబు తప్పని తెలిసినా ముఖంలో, గొంతులో కనబడకూడదు. 2018 నాటి కేంద్ర మార్గదర్శకాలు గంటకి కనీసం 20 నిమిషాల అదనపు సమయం ఇవ్వమన్నాయి. అభ్యర్థి తన స్క్రైబ్‌ని తానే తెచ్చుకుంటే ఆ స్క్రైబ్ చదువు అభ్యర్థి చదువు కంటే ఒక మెట్టు తక్కువ ఉండాలనీ అన్నాయి. ఆ లెక్కన డిగ్రీ చదివిన మీరు పదో తరగతి విద్యార్థికి పనికిరాకపోవచ్చు, మీ ఇంట్లో తొమ్మిదో తరగతి చదివే అమ్మాయి పనికిరావచ్చు. పరీక్షని బట్టి, కాలాన్ని బట్టి నిబంధనలు మారతాయి కాబట్టి ఒప్పుకునేముందు ఆ పరీక్ష నోటిఫికేషన్ చూడండి. కర్ణాటక పదో తరగతిలో తెలుగుని ప్రథమ భాషగా తీసుకునే వీలుంది. ఆ పేపర్ రాసే చూపులేని విద్యార్థికి తెలుగు రాయడం వచ్చిన స్క్రైబ్ బెంగళూరులో అంత తేలిగ్గా దొరకరు.

మూడోది: ఒక్క మనిషితో మొదలుపెట్టండి

పోస్టర్లు వద్దు, గ్రూపులు వద్దు. ఒక్క మనిషి, ఒక్క రోజు, ఒక్క సమయం. "ఖాళీ ఉన్నప్పుడు వస్తాను" అని మాత్రం చెప్పకండి. ఎదురుచూసే మనిషికి ఆ మాట చాలా కష్టం. మంగళవారం సాయంత్రం 6 గంటలకి అరగంట అని చెప్పి, నాలుగు వారాలకే మాటివ్వండి. నాలుగు వారాలయ్యాక ఇద్దరికీ కుదిరితే పొడిగించుకోవచ్చు, లేకపోతే ఎవరికీ చిన్నతనం లేకుండా ఆగిపోవచ్చు. సిల్క్‌బోర్డు దాటి వెళ్ళాల్సిన ఇల్లు ఒప్పుకోకండి. ఈ ఊళ్ళో దూరం ఎన్ని మంచి పనుల్ని మధ్యలో ఆపిందో అందరికీ తెలుసు. నడిచి వెళ్ళగలిగేంత దగ్గర చూసుకోండి, అది కుదరకపోతే ఫోన్లో చదవండి.

చుట్టుపక్కల ఎవరూ తెలియకపోతే వయ్యాలికావల్‌లో తెలుగు విజ్ఞాన సమితి ఉంది. అక్కడి కార్యక్రమాలకి వచ్చేవాళ్ళలో పెద్దవాళ్ళూ ఉంటారు, పిల్లలకి తెలుగు నేర్పించాలనుకునే తల్లిదండ్రులూ ఉంటారు. 2023 జనవరి నుంచి శనివారం ఉదయాల్లో కబ్బన్ పార్కులో చేరే కబ్బన్ రీడ్స్‌లో మౌనంగా చదువుకుంటారు, కాబట్టి అక్కడ గొంతుకి పని లేదు. కానీ పుస్తకాలు ప్రేమించే తెలుగువాళ్ళు పక్క చాప మీద తగలవచ్చు.

నాలుగోది: సహజంగా వచ్చిన దాన్ని సాన పట్టండి

చదవబోయే పేజీని ముందు ఒకసారి కళ్ళతో చూసి, పెన్సిల్‌తో ఆగాల్సిన చోట గీత పెట్టుకోండి. అచ్చులో కామా ఉన్నా లేకపోయినా అర్థం ఎక్కడ విరుగుతుందో మీరే తేల్చాలి. "మా అమ్మ చెప్పిన పని చేయలేదని బాధపడింది" అన్న వాక్యం చూడండి. "మా అమ్మ" తర్వాత ఆగితే బాధపడింది అమ్మ. "మా అమ్మ చెప్పిన పని" అని కలిపి చదివితే బాధపడింది ఇంకెవరో. ముందు వెనక వాక్యాలు చూడకుండా ఇది తేలదు, చదువుతూ చదువుతూ తేల్చుకోవడం ఎంత అనుభవం ఉన్నవాళ్ళకైనా కష్టమే.

వాక్యం చివర గొంతు పడిపోతుంటే మందు ఇదే: చివరి మాట కింద గీత గీసుకుని, దానికి ముందు ఒక చిన్న ఊపిరి తీసుకోండి. కొద్దివారాల్లో గీత అవసరం లేకుండా పోతుంది.

అంకెలు ముందే నోటితో అనుకుని పెట్టుకోండి. 1956 సంవత్సరమైతే పంతొమ్మిది వందల యాభై ఆరు, డబ్బయితే వెయ్యిన్నీ తొమ్మిది వందల యాభై ఆరు. రూ.1,25,000 ని లక్షా పాతిక వేలు అంటే పెద్దవాళ్ళకి వెంటనే అందుతుంది. ఖాతా నంబరు మాత్రం ఒక్కో అంకె విడిగా చదవాలి.

ఒత్తులు, ల-ళ, న-ణ తేడాలు వినబడాలి. కల, కళ ఒకటే అయిపోతే కథ మారిపోతుంది. కానీ యాస వేరు, తప్పు వేరు. మీది చిత్తూరు యాస అయితే దాన్ని దాచి ఎవరి గొంతో తెచ్చిపెట్టుకోకండి. పుస్తకంలో పాత్ర ఏ యాసలో మాట్లాడితే ఆ మాటల్ని అచ్చులో ఉన్నట్టే చదవండి, దిద్దకండి. వినేవాళ్ళు ఆ ప్రాంతం వాళ్ళయితే చదువు ఆపించి "మా అవ్వ ఇట్లే మాట్లాడేది" అంటారు.

ఐదోది: రికార్డ్ చేయాలనుకుంటే

ఖరీదైన మైకు తర్వాత. ముందు గది. బట్టలతో నిండిన బీరువా తలుపులు తెరిచి, దానివైపు తిరిగి కూర్చుంటే ప్రతిధ్వని చాలావరకు తగ్గుతుంది. ఫ్యాన్ ఆపండి, ఫోన్‌ని విమాన మోడ్‌లో పెట్టండి. నోటికి ఒక జానెడు దూరంలో, సూటిగా కాకుండా కాస్త పక్కకి ఫోన్ ఉంచితే ప, ఫ, భ లాంటి అక్షరాల దగ్గర గాలి దెబ్బ తగలదు. మొదటి ఐదారు సెకన్లు ఏమీ మాట్లాడకుండా గది శబ్దాన్ని మాత్రమే రికార్డ్ కానివ్వండి. తర్వాత ఆడాసిటీ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రొదని తగ్గించడానికి ఆ ఖాళీ ముక్కే నమూనా. బెంగళూరు అపార్ట్‌మెంట్లో నీళ్ళ ట్యాంకరు, పక్క సైటులో డ్రిల్లింగు, కుక్కరు విజిలు లేని సమయం తెల్లవారుజామునే దొరుకుతుంది. కానీ లేచిన వెంటనే గొంతు బొంగురుగా ఉంటుంది. గోరువెచ్చటి నీళ్ళు తాగి, కాసేపు మామూలుగా మాట్లాడాక మొదలుపెట్టండి.

తప్పు చదివితే ఆపొద్దు. ఒక చప్పట కొట్టి ఆ వాక్యం మొదటి నుంచి చదవండి. చప్పట కొట్టిన చోట తెర మీద నిటారుగా ఒక గీత కనబడుతుంది, కత్తిరించాల్సిన చోటు వెతుక్కోనక్కర్లేదు. చూపులేని విద్యార్థి కోసమైతే అధ్యాయానికో ఫైలు చేయండి, పేజీ మారినప్పుడల్లా పేజీ సంఖ్య చెప్పండి. క్లాసులో మాస్టారు "నలభై రెండో పేజీ తియ్యండి" అన్నప్పుడు ఆ పిల్లాడూ అక్కడికి వెళ్ళగలగాలి.

ఆరోది: ఏది చదవొచ్చు, ఏది పైకి పెట్టకూడదు

ఇంట్లో ఒక మనిషికి చదివి వినిపించడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. రికార్డ్ చేసి అందరికీ వినిపించాలంటే హక్కులు చూడాలి. మన దేశంలో రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు నుంచి 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది. 1915లో పోయిన గురజాడ అప్పారావు తన కాలంలో అచ్చువేసినవి ఎప్పుడో స్వేచ్ఛ పొందాయి. 1961లో పోయిన శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి కథలు 2022 జనవరి 1 నుంచి అందరివీ అయ్యాయి. అయితే కొత్త ముద్రణలో వేరేవాళ్ళు రాసిన ముందుమాట, వివరణలు వాళ్ళవే. అవి వదిలి కథ మాత్రమే చదవండి. హక్కులు తీరిన రచనలు తెలుగు వికీసోర్స్‌లో చాలా దొరుకుతాయి. స్టోరీవీవర్ కథలైతే రాసినవాళ్ళ పేరు, బొమ్మలు వేసినవాళ్ళ పేరు చెప్పి వాడుకోవచ్చు.

అచ్చు చదవలేని వైకల్యం ఉన్నవాళ్ళ కోసం చట్టం ఒక తలుపు తెరిచింది. 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ వల్ల, లాభాపేక్ష లేకుండా వాళ్ళ కోసం కాపీరైట్ ఉన్న పుస్తకాన్ని కూడా వినే రూపంలోకి మార్చవచ్చు. ఇదే ఉద్దేశంతో వచ్చిన మరకేష్ అంతర్జాతీయ ఒప్పందాన్ని 2014లో అన్ని దేశాల కంటే ముందు ఆమోదించింది భారతదేశమే. ఆ రికార్డింగు వాళ్ళకే చేరాలి. దాన్ని యూట్యూబ్‌లో అందరికీ పెడితే ఈ మినహాయింపు వర్తించదు.

ఏడోది: డబ్బు మాట

డబ్బు అడగడం తప్పు కాదు. ఏది సేవ, ఏది పని అన్నది ముందే విడదీసుకోండి. పక్కింటి పెద్దాయనకి చదవడం సేవ. ఒక కంపెనీ తన ప్రకటనకో, శిక్షణ వీడియోకో తెలుగు గొంతు కావాలంటే అది పని, దానికి ధర ఉంటుంది. ధర చెప్పేముందు మీకెంత సమయం పడుతుందో కొలుచుకోండి. పూర్తిగా దిద్దిన ఒక గంట రికార్డింగుకి మొదట్లో మూడు నాలుగు గంటలైనా పడుతుంది. ఎన్నిసార్లు మార్పులు ఉచితమో, డబ్బు ఎప్పుడిస్తారో కాగితం మీద ఉండాలి. ఈ రోజుల్లో ఇంకో ప్రశ్న తప్పనిసరి: "ఈ రికార్డింగుతో కృత్రిమ గొంతు తయారుచేస్తారా?" చేస్తామంటే అది వేరే ఒప్పందం, వేరే ధర. జవాబు నోటిమాటగా కాకుండా రాతలో తీసుకోండి. భాషల సాంకేతికత కోసం మీ గొంతుని మీరే ఇష్టపూర్వకంగా ఇవ్వాలనుకుంటే కేంద్ర ప్రభుత్వ భాషిణి కార్యక్రమంలో భాషాదాన్ అనే విభాగం ఉంది, అందులో తెలుగు వాక్యాలు చదివి ఇవ్వవచ్చు.

అడిగేవాళ్ళు పెరిగి మీ గొంతు రోజంతా పనిచేసే స్థితి వస్తే గంటకోసారి పది నిమిషాలు పూర్తిగా మౌనంగా ఉండండి. గుసగుసగా మాట్లాడినా గొంతు అలుస్తుంది. బొంగురు రెండు మూడు వారాలకి కూడా తగ్గకపోతే చెవి-ముక్కు-గొంతు డాక్టరుకి చూపించుకోవాలి.

ఊరెళ్ళినప్పుడు మీ బదులు చదివే మనిషిని ఇప్పటి నుంచే అలవాటు చేయండి. ఒకటి రెండుసార్లు మీతో తీసుకెళ్ళి పక్కన కూర్చోబెట్టండి. ఏ పేజీ దగ్గర ఆగారు, పెద్దాయనకి ఏ చెవి వినిపిస్తుంది, ఏ శీర్షిక వదిలేయమంటారు, కాఫీ ఎప్పుడు తాగుతారు, ఇవన్నీ మొదట్లో మొదలుపెట్టిన ఆ నోటుబుక్కులోనే రాసి ఆ మనిషికి ఇచ్చి వెళ్ళండి.